రెండు వందల మీటర్ల రాజులు

గుడియాత్తం సుందరరాజులుకు ఒకే ఒక్క జబ్బు. ఎవరి చేతికి వాచీ కనపడినా దాన్ని తన వాచీతో పోటీకి నిలబెట్టి, ఓడించి పంపితే తప్ప ఆయనకు అన్నం దిగేది కాదు.

బజారులో పంపుసెట్ల అంగడి ఆయనది. ఇంట్లో పద్నాలుగు వాచీలుండేవి, అన్నీ మరలతో నడిచేవే. వాటిలో పట్టపుటేనుగు, బావమరిది సింగపూరు నుంచి తెచ్చిన డైవర్ వాచీ. సముద్రంలో మునిగేవాళ్ళ కోసం చేసిన సరుకు. నీళ్ళలోకి దిగి ఎంతసేపైందో తెలియడానికి డయలు చుట్టూ తిప్పే రింగు ఒకటి, డయలు మీద ‘200 మీటర్లు’ అన్న అక్షరాలు. రాజులు మాత్రం పుట్టి బుద్ధెరిగాక మోకాలి లోతు దాటి నీళ్ళలోకి దిగిన పాపాన పోలేదు.

ఒకసారి పెళ్ళికి వెళ్ళాడు. అక్షింతలు వేయాల్సిన మనిషి పీటల దగ్గరికి పోయి పెళ్ళికొడుకు మణికట్టు పట్టుకున్నాడు.

“కొత్త వాచీనా నాయనా? ఎంత లోతు పోతాది?”

“యాడికి మామా?”

“నీళ్ళలోకప్పా!”

“నీళ్ళలోకి నేనెందుకు పోతాను? నాకిప్పుడు పెళ్ళి కదా!”

“అదే చెప్తా ఉండా. నాది రెండు వందల మీటర్లు. నీది చెయ్యి కడిగితేనే చచ్చిపోతాది.”

తాళి చేతిలో పట్టుకుని పురోహితుడు ఈ పంచాయితీ తెగేదాకా నిలబడాల్సి వచ్చింది.

ఈ కథలన్నీ వేలూరు లాంగ్ బజారులో వాచీలు బాగుచేసే రామసామి చెవిన పడేవి. ఆయన అంగడి బీరువాకంటే ఒక జాన వెడల్పు. అవి తొంభై ఆరో సంవత్సరం నాటి రోజులు. బ్యాటరీ వాచీలు టమోటాల్లాగా రోడ్డు మీద కుప్పలు పోసి అమ్ముతున్నారు. పాడైతే పారేసి ఇంకోటి కొంటున్నారు. రామసామి భూతద్దానికి పని తగ్గిపోయింది. అయినా ఆదివారం వస్తే చాలు, అంగడి రెండు గొంతులతో నిండిపోయేది. ఒకటి రాజులుది. రెండోది తొరపాడి శివప్రకాశానిది.

శివప్రకాశం తాపీ పట్టుకుని మొదలుపెట్టి కాంట్రాక్టరైన మనిషి. అరచేత్తో తడిమి గోడ వంకర చెప్పేవాడు. ఆయనదీ వాచీల పిచ్చే, కానీ ఇంకో మతం. తమలపాకంత పలచటి స్విట్జర్లాండు బంగారు వాచీ, రోజూ పొద్దున పూజలాగా కీ ఇచ్చేది.

“అన్నా, ఇది వాచీనా, అప్పడమా?” అనేవాడు రాజులు.

“నీది వాచీనా? నీ అంగట్లో మిగిలిపోయిన పంపుసెట్టుకు పట్టీ కట్టుకుని తిరగతా ఉండావు.”

“దీనికి రెండు వందల మీటర్లు తెలుసునా?”

“నీకు రెండు అడుగులు తెలుసునా?”

ఈ మాట పడలేక రాజులు ఒక ఆదివారం ఇద్దరినీ బస్సెక్కించి కావేరిపాక్కం చెరువుకు లాక్కుపోయాడు. చేంతాడుకు వాచీ కట్టి రామసామి చేతికిచ్చి, తను మాత్రం నీళ్ళకు పదడుగుల దూరంలో గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్నాడు. రామసామి తెప్ప మీద పోయి తాడు వదిలాడు. మూడు నిలువులైనా దిగకుండానే వాచీ బురదకు తగిలింది. పైకి తీస్తే నిక్షేపంగా నడుస్తోంది.

“చూసినారా!” అని ఎగరాల్సిన రాజులు ఉసూరుమన్నాడు. “మన ఆర్కాటు సీమ మొత్తంలో నా వాచీకి తగిన నీళ్ళు లేవు గదప్పా!”

ఆ ఏడాది ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, శివప్రకాశానికి పక్షవాతం తగిలింది. ప్రాణానికి భయం లేదన్నారు గానీ కుడిచెయ్యి చచ్చుబడింది. ఆదివారాలు అంగడికి రావడం మానేశాడు. రామసామి చూడబోతే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బంగారు వాచీ అలమరలో ఆగిపోయి ఉంది.

రెండు వారాల తర్వాత రాజులు అంగడికొచ్చి, డైవర్ వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు.

“ఈ రింగు రొంబ బిగువుగా ఉండాది. వదులు చెయ్యి.”

రామసామి తన చెవుల్ని తనే నమ్మలేదు. దుమ్ము తుడవడానికి కూడా ఇంకొకరి చేతికివ్వని మనిషి! “అన్నా, రింగు ఊడదీస్తే గీతలు పడతాయి.”

“పడనీ.”

“లోపల స్ప్రింగు వంచాల.”

“వంచు. పసిబిడ్డ వేలు పెట్టినా తిరగాల.”

మరుసటి ఆదివారం మళ్ళీ వచ్చాడు. “ఇప్పుడు రవ్వంత బిగించు.” ఆ పై ఆదివారం, “ఇంకో రవ్వంత.” ఇలా తొమ్మిది వారాలు. అద్దంలా మెరిసే వాచీ అంచంతా గీతలే. మనిషికి మతి తప్పిందని రామసామి నిశ్చయించుకున్నాడు. స్నేహితుడి బాధ తలకెక్కిందేమో, శివప్రకాశంతో ఒక మాట చెప్పి వద్దామని తొరపాడి వెళ్ళాడు.

వీధిలోకే అరుపులు వినపడుతున్నాయి.

“ముప్పై మూడు! అంతే! నీ చేతిలో సత్తువ లేదన్నా, ఒప్పుకో!”

“ఎవరికిరా సత్తువ లేదు? పట్టు నీ పంపుసెట్టు, మళ్ళీ తిప్పతా!”

శివప్రకాశం భార్య మునిరత్నమ్మ గుమ్మంలోనే రామసామిని ఆపింది. “లోపలికి పోవద్దు నాయనా, పందెం నడస్తా ఉండాది. వేళ్ళకు కసరత్తని ఆసుపత్రివాళ్ళు రబ్బరు బంతి ఇచ్చినారు. ‘నేనేమన్నా చంటిపిల్లోడినా’ అని విసిరి కొట్టినాడు. ఈయప్ప వచ్చి, ‘అప్పడానికి కీ ఇచ్చే చెయ్యి నా రింగు తిప్పలేదు’ అని రెచ్చగొట్టినాడు. రింగు ఒక చుట్టు పూర్తిగా తిప్పితే గెలిచినట్టు, చుట్టుకు అరవై టిక్కులంట. మొదటిరోజు నాలుగే తిప్పినాడు. వారానికి మూడుసార్లు గుడియాత్తం నుంచి వచ్చి తిట్టి పోతా ఉండాడు, మహానుభావుడు.”

రామసామి లోపలికి పోకుండానే వెనక్కి మళ్ళాడు. తొమ్మిది వారాలుగా తను బిగిస్తున్నది ఏమిటో అప్పటికి తెలిసింది. బస్సు స్టాండులో రాజులును నిలదీశాడు.

“నాకు చెప్పి ఉంటే ఏమన్నా? నీది ఎంత దయగల మనసు!”

“దయా లేదు, గియా లేదు. సుమ్మా ఉండప్పా!” కసురుకున్నాడు రాజులు. “చేవలేని మనిషిని ఓడిస్తే మజా యాడుండాది? ఆదివారం ఇంకో రవ్వంత బిగించు. ఆయనకు తెలిసిందో, నీ అంగడి మెట్టెక్కను.”

కార్తీక మాసంలో ఒక ఆదివారం శివప్రకాశం తనే ఆటోలో అంగడి ముందు దిగాడు. రాజులు పొంగిపోయి, వాచీ బల్ల మీద పెట్టి కాఫీ తేవడానికి పరుగెత్తాడు. ఆయన వీధి మలుపు తిరగ్గానే శివప్రకాశం వాచీ అందుకుని, కుడిచేతి రెండు వేళ్ళతో రింగును గిర్రున రెండు చుట్లు తిప్పాడు.

రామసామి నోరు తెరిచాడు. “అన్నా! అరవై ఎప్పుడో దాటినావా!”

“నెలయింది. ఈ రింగును నువ్వు బిగిస్తా ఉండావని మూడో వారమే తెలుసు. నలభై ఏండ్లు తాపీ పట్టిన చెయ్యికి బిగువు తెలీదా? నోరు మూసుకో రామసామీ. నేను గెలిస్తే ఆయన తొరపాడికి రావడం మానేస్తాడు. ఆ తిట్లు లేకపోతే నాకు తెల్లారదు.”

రాజులు మూడు గ్లాసులతో వచ్చాడు. పందెం మొదలైంది. శివప్రకాశం పళ్ళు బిగించాడు, మూలిగాడు, నుదుట చెమట కూడా పట్టించాడు. యాభై ఒకటి దగ్గర ఆగి, “నా వల్ల కాదప్పా” అన్నాడు.

“పోనీలేన్నా, బాగానే వచ్చినావు,” అన్నాడు రాజులు, ముఖం వెలిగిపోతుంటే. “మంగళవారం వస్తా. బిస్కెట్లు తేవాలా, మురుకులా?”

“మురుకులే తే,” అంటూ శివప్రకాశం పొగలు కక్కే కాఫీ గ్లాసును కుడిచేత్తో లటుక్కున అందుకుని, సగం దారిలో గుర్తొచ్చి గబుక్కున ఎడమచేతికి మార్చుకున్నాడు.