మగ్గం మీద కప్పిన దుప్పటి

గద్వాలలో మగ్గమున్న ఇళ్లలో పెరిగినవాళ్లారా, ఆ దుప్పటి గుర్తుందా? తలుపు చప్పుడైతే చాలు, చీర కొత్త అంచు బయటివాళ్ల కంట పడకుండా మగ్గం మీద కప్పేసేవాళ్లం. మా ఇంట్లో అది నీలం గళ్లది, ఎప్పుడూ గంజి వాసన కొట్టేది. కప్పే పని నాదే.

ఈ రోజు ఇంటికి వెళ్తే, అదే దుప్పటిని మడతపెట్టి, దాని మీద ఫోన్ నిలబెట్టి, అమ్మ సగం నేసిన అంచును లైవ్‌లో చూపిస్తోంది. నా చెయ్యి దానంతటదే దుప్పటి మీదికి పోయింది.

"అమ్మా, చూసినోళ్లు మన అంచు నేస్తరు గదనే!"

అమ్మ ఫోన్‌ను అంచుకు ఇంకాస్త దగ్గరికి జరిపింది.

"నేయనియ్ బిడ్డా. ముందుగాల ఎవరు నేసిండ్రో లోకమంత చూసింది గద."