వెళ్ళిపోయిన తేదీ

ఆ మనిషి ఫలానా రోజున వెళ్ళిపోయాడని చెప్పడానికి లేదు. కొంచెం కొంచెంగా వెళ్ళిపోయాడు. ఎత్తయిన భవనాలకు రంగులు వేసే పని అతనిది. మొదట్లో వారానికోసారి వచ్చేవాడు, తర్వాత నెలకోసారి. వచ్చినప్పుడల్లా తనవి ఏవో ఒకటి రెండు వస్తువులు సంచిలో వేసుకుని వెళ్ళేవాడు. ఒకసారి అద్దం, ఒకసారి రేడియో, ఇంకోసారి చలికోటు. నేల మీద ఒలికిన నీళ్ళు అంచుల నుంచి ఆరుతూ వచ్చినట్టు, మా వెనక గదిలో అతని జాగా ఆరిపోతూ వచ్చింది. చివరికి చూస్తే తల్లీ కూతురూ మిగిలారు.

ఆ తల్లి నా దగ్గర అద్దెకుండే పిల్ల. చుట్టమూ కాదు, పక్కమూ కాదు. పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడత పెడుతుంది గనుక వీధిలో అందరూ దుప్పట్లమ్మాయి అంటారు. ఆ పనికి ఇద్దరుండాలి. చెరో అంచూ పట్టుకుని ఎదురెదురుగా నడిచి రావాలి. జోడీ దొరకని రోజున ఈమె ఒక అంచును గోడమేకుకు తగిలించి, రెండో అంచు పట్టుకుని తానే మేకు దగ్గరికి నడిచేది. ఒకసారి నా మందుల కోసం వెళ్ళి తలుపు సందులోంచి చూశాను. లోపలంతా ఆవిరి. వేలాడుతున్న తెల్లటి గుడ్డల మధ్య ఆ పిల్ల గోడ వైపు వెళ్ళడం, వెనక్కి రావడం, మళ్ళీ వెళ్ళడం. నిద్రలో నడుస్తున్నట్టుంది. పిలిస్తే ఎక్కడ ఉలిక్కిపడుతుందోనని పిలవకుండా వచ్చేశాను.

తెల్లవారకముందే మొదలయ్యే పొద్దుటి డ్యూటీ చాలక, సాయంత్రం డ్యూటీ కూడా చేసేది. ఏడేళ్ళ కూతురు బడి నుంచి వచ్చి మెట్ల మీద కూర్చునేది. మా గదిలోకి రమ్మంటే వచ్చేది కాదు. అమ్మ వచ్చేసరికి తను అక్కడ కనిపించాలట. అమ్మ వచ్చేసరికి అక్కడే ఒరిగి నిద్రపోయి ఉండేది. తల్లి భుజాన వేసుకుని లోపలికి తీసుకెళ్ళేది. సెలవు రోజున తల్లి ముసుగు తన్ని పగలంతా పడుకునేది. ఒకే గదిలో కాపురముంటూ ఆ ఇద్దరూ ఒకరికొకరు కలలోకి వచ్చే మనుషుల్లా అయిపోయారు.

ఒంటరి తల్లులకు ప్రభుత్వం నెలనెలా భృతి ఇస్తుందని లాండ్రీలో ఎవరో చెప్పారు. అది వస్తే సాయంత్రం డ్యూటీ మానేయవచ్చు. ఎంతిస్తారే అని అడిగాను. ఆ మాటే ఎత్తలేదు. "సాయంత్రాలు వస్తాయి పెద్దమ్మా" అంది, వాటిని కూడా ప్రభుత్వమే పంచిపెడుతున్నట్టు. దరఖాస్తులకు ఏడాదికి ఒకటే గడువు, ఆ వారంతో సరి. తెలిసినవాళ్ళ సాక్ష్యం కావాలంటే నేను వెంట వెళ్ళాను.

ఆ ఆఫీసు పైకప్పు బాగా ఎత్తు. ఫ్యాన్లు తిరగాలా వద్దా అని ఆలోచించుకుంటూ తిరుగుతున్నాయి. బల్లల మీద ఆడవాళ్ళు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కునుకుతున్నారు. పేరు పిలిస్తే నీళ్ళ అడుగు నుంచి తేలి వచ్చినట్టు తల ఎత్తుతున్నారు. కిటికీలోంచి పడిన ఎండ ఒక్కో బల్లే దాటుకుంటూ మా కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మా వంతు వచ్చింది.

గుమాస్తా జలుబు చేసిన మనిషి. నా నెరిసిన జుట్టు చూడగానే వేలిముద్రల సిరా ముందుకు తోశాడు. కలం ఇవ్వు నాయనా, నా వేలు శుభ్రంగా ఉండనీ అన్నాను. చదివింది మూడో తరగతే గానీ నా సంతకం చూసి ఎవరూ ఆ మాట అనలేరు.

ఫారంలో గడులన్నీ నిండాయి. ఒక్క దాని దగ్గర కలం ఆగింది. భర్త విడిచి వెళ్ళిన తేదీ. దానికి ఏడాది నిండి ఉండాలి.

"ఏ రోజమ్మా?"

"ఒక రోజని లేదండీ."

"ఏదో ఒక రోజు వెళ్ళి ఉంటాడుగా."

"ప్రతిసారీ వస్తానని చెప్పే వెళ్ళాడండీ."

గుమాస్తా ముక్కు తుడుచుకుని నా వైపు తిరిగాడు. అతన్ని చివరిసారి ఎప్పుడు చూశారని అడిగాడు. అడగడమే ఆలస్యం, మొన్న వానల్లో చూశాను, నీలం గొడుగు వేసుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాడు అని గడగడా చెప్పేశాను. చెప్పాక ఆమె మొహం చూశాను. అప్పుడు నాలుక కరుచుకుని ఏం లాభం? వానలు పోయి ఎనిమిది నెలలే. గుమాస్తా కలానికి మూత పెట్టాడు. భర్త ఇంటికి వచ్చిపోతున్నాడు గనుక ఇది కుదరదనీ, వచ్చే ఏడు గడువులో రమ్మనీ అన్నాడు.

నేను చూసింది ఇంకెవరినో అయి ఉంటుంది, ముసలి కళ్ళు అని సర్దబోయాను. డెబ్బై ఏళ్ళలో నా కళ్ళకు నేను వంక పెట్టుకోవడం అదే మొదలు. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పెద్దమ్మ చెప్పింది నిజమేనండీ. ఒక సెలవు రోజున వచ్చాడు. మంచినీళ్ళడిగాడు, ఇచ్చాను. ఎవరడిగినా ఇస్తాను."

"లోపలికి రాలేదా?"

"నేను రమ్మనలేదు. ఎవరండీ, ఏం కావాలండీ అని అడిగాను. వేళాకోళానికి కాదండీ, నిజంగానే ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను. పాప కూడా 'అమ్మా, ఎవరో వచ్చారు' అనే పిలిచింది."

గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. ఎవరో చెప్పగా విన్న సంగతిలా చెప్పింది. గుమాస్తా కలం మూత మళ్ళీ తీశాడు.

"అంటే ఆయన కోసం ఎదురుచూడటం అంతకుముందే మానేశారా?"

అలాంటి ప్రశ్న ఏ ఫారంలోనూ ఉండదు. ఆమె మాత్రం తడుముకోలేదు.

"మానేశానండీ. అదయితే రోజు తెలుసు. ఎప్పుడొచ్చినా సాయంత్రాలే వచ్చేవాడు. వస్తే తలుపుకి తాళం ఉండకూడదని సాయంత్రం డ్యూటీ ఎన్నిసార్లు ఇస్తామన్నా ఒప్పుకోలేదు. ఒకరోజు దుప్పటి మడత పెడుతూ ఉంటే, ఇక రాడని తెలిసింది. ఎలా తెలిసిందంటే చెప్పలేను. చేతిలోది మడత పూర్తి చేసి, వెళ్ళి సాయంత్రం డ్యూటీకి పేరు రాయించుకున్నాను. రిజిస్టరులో ఉంటుంది."

ఆ కాగితం తెస్తే చూస్తానన్నాడు గుమాస్తా. మర్నాడు లాండ్రీ పెద్దావిడ ఆ పేజీ నకలు తీసి ముద్ర వేసి ఇచ్చింది. రెండేళ్ళ కిందటి తేదీ. గుమాస్తా దాన్నే గడిలో వేశాడు. కింద ఖాళీలో, ఆ తర్వాత ఒక వ్యక్తి గుమ్మం దగ్గర నిలబడినట్టు సాక్షి చెప్పారు, మంచినీళ్ళు తాగి వెళ్ళాడు అని రాసి, నాకు చదివి వినిపించాడు. అందులో అబద్ధం ఎక్కడుందా అని వెతికాను. లేదు. సంతకం పెట్టాను.

మూడో నెలలో భృతి మొదలైంది. సాయంత్రం డ్యూటీ మానేసిన మొదటి రోజున ఆమె ఎండ ఉండగానే వీధి మలుపు తిరిగింది. మెట్ల మీద పిల్ల లేచి నిలబడింది గానీ పరుగెత్తలేదు. ఆ వెలుతురులో తల్లిని చూసిన అలవాటు లేదు. దగ్గరికి వచ్చి కూర్చున్నాక ఆ మొహంలోకి తేరిపార చూసింది.

"అమ్మా, నీ చెంప మీద పుట్టుమచ్చ ఉంది."

"ఎప్పటినుంచో ఉందే అది."

పిల్ల నమ్మలేదు. వేలితో రుద్ది చూసింది. చెరగకపోయేసరికి, ఇంకా ఏమేం ఉన్నాయోనని నుదురూ కనుబొమలూ చెవి వెనకా వరసగా వెతకడం మొదలుపెట్టింది. తల్లి కళ్ళు మూసుకుని మొహం ఇచ్చేసింది. వెలుతురు పోయేదాకా ఆ ఇద్దరికీ అదే పని.