పదకొండు ఎర్ర జెండాలు

నేను ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టరుగా పనిచేశాను. నా చేతిమీదుగా జరిగిన పరుగుపందేల్లో మలుపు దగ్గర పసుపు జెండా ఉంటుంది, పచ్చ జెండా ఉంటుంది, ఏదీ దొరక్కపోతే పాత ధోతి ముక్క ఉంటుంది. ఎర్ర జెండా మాత్రం ఉండదు. నిబంధనల కాగితం చూపించి అడిగినవాళ్లకు ఎర్ర గుడ్డ దొరకలేదని చెప్పేవాణ్ని. కరీంనగర్ బజారులో ఎర్ర గుడ్డకు కరువొచ్చిందా అని నవ్వేవాళ్లు. నవ్వుకోనీలే అనుకునేవాణ్ని. ఇప్పుడు ఉద్యోగమూ లేదు, అడిగే ఆఫీసరూ లేడు. అందుకని అసలు సంగతి రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి కొద్ది ఏళ్లే అయింది. దేశంలోని బడిపిల్లలందరికీ క్రాస్ కంట్రీ పరుగు పెడుతున్నారని, దాని ఆఖరి పందెం మా కరీంనగర్‌లో జరపాలని హైదరాబాదు నుంచి కాగితం వచ్చింది. రైలు కూడా లేని మా ఊరికి ఎందుకిచ్చారో ఇప్పటికీ తెలియదు. హెడ్మాస్టరు ఆ కాగితం నా చేతిలో పెట్టి, "మాస్టరూ, గిది ఇజ్జత్ సవాల్. పరాయి రాష్ట్రాల పిల్లలు వస్తున్నరు. ఒక్క పోరనికి ఏమన్న అయితె మనం మొఖం ఎక్కడ పెట్టుకుంటం?" అన్నారు. నేను ఛాతీ పొంగించి, ఫికర్ చేయకండి అన్నాను. అప్పట్లో నాకు ఛాతీ పొంగించడం బాగా అలవాటు.

క్రాస్ కంట్రీ అంటే మైదానంలో గుండ్రంగా తిరిగే పరుగు కాదు. పొలం గట్లు, బండ్లబాటలు, ఇసుక, రాళ్లు, అన్నీ దాటుతూ ఐదు మైళ్లు పోవాలి. నెల రోజులు సైకిలు మీద తిరిగి దారి వెతికాను. బడి మైదానంలో మొదలై, మానేరు ఒడ్డు వెంట పోయి, ఒక చిన్న ఊరి పొలిమేరలో దారి రెండుగా చీలుతుంది. అక్కడ ఎడమకు తిరిగి, ఊరు చుట్టి, మళ్లీ అదే చీలిక దగ్గరికి వచ్చి, వచ్చిన దారినే మైదానానికి చేరాలి. ఎడమకు తిరగకుండా నేరుగా పోతే నూరు గజాల్లో పెద్ద మోటబావి. చుట్టూ గోడ లేదు. ఎండాకాలంలో అయితే దూరం నుంచే కనబడుతుంది. చలికాలం పొద్దున మానేరు మీంచి మంచు లేస్తే ముందు నడిచే మనిషి వీపు కూడా కనబడదు.

అందుకే ఆ చీలిక దగ్గర ఒకటి కాదు, పదకొండు జెండాలు పాతించాను. ఎడమకు తిరగాలంటే ఎర్ర జెండా, కుడికి తిరగాలంటే తెల్ల జెండా అని నిబంధన. నా భార్య ఎర్ర మల్లు గుడ్డ కత్తిరించి కుట్టి ఇచ్చింది. పందేనికి ముందురోజు మధ్యాహ్నం వెదురు కట్టెలకు తగిలించి బాట వెంట వరుసగా పాతి, దూరంగా నిలబడి చూసుకున్నాను. పెళ్లిపందిరిలా ఉందనుకున్నాను.

మర్నాడు తెల్లవారుతుండగా ఆఖరిసారి దారి చూసుకుందామని సైకిలెక్కాను. మంచు దట్టంగా ఉంది. మానేరు ఒడ్డున నేను నిలబెట్టిన మాస్టర్లు కంబళ్లు కప్పుకుని అప్పటికే తమ తమ చోట్లకు చేరారు; ఒక్కొక్కరిదీ ఒక్కో నీటి మడుగు కాపలా, ఎవరినీ అక్కణ్నుంచి కదిలించే వీల్లేదు. చీలిక దగ్గరికి వచ్చి సైకిలు దిగి చూస్తే నేల మీద పదకొండు గుంతలున్నాయి. ఒక్క జెండా లేదు.

ఏడున్నరకు పందెం. పరిగెత్తేది తొంభై ఆరుగురు. మొదలుపెట్టే ఈల నా మెడలో ఉంది. ఊళ్లోకి పరిగెత్తి గ్రామాధికారి పోలీసు పటేలును పిలిచాను. పటేలు లేడు, తమాషా చూడటానికి రుమాలు చుట్టుకుని కరీంనగర్ బడి మైదానానికి పోయాడట. ఆయన వెంట మగవాళ్లంతా పోయారు. ఒక్క గుడిసె ముందు మాత్రం ఒక ముసలమ్మ పొయ్యి ముందు కూర్చుని నీళ్లు కాచుకుంటోంది. పక్కన నా వెదురు కట్టెలు కట్టగా కట్టి ఉన్నాయి.

నేను ఒంటికాలి మీద లేచాను. "జెండాలు ఎవలు పీకిండ్రు?" అని అరిచాను.

"నేనే పీకిన" అంది, తల ఎత్తకుండానే. "బట్టలు పొయ్యిల పెట్టిన. కట్టెలు గిక్కడున్నయి. సర్కారు కట్టెలు నాకెందుకు?"

నోటికొచ్చినట్టు తిట్టాను. ఏమేం అన్నానో ఇప్పుడు రాయలేను, సిగ్గుగా ఉంది. ఆమె అంతా విని, నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మాట్లాడింది.

"నీకు ఎర్కలేదా సారూ, ఊరి మొగదల ఎర్రబట్ట కనబడితె ఏమైతదో? గప్పుడు సుత గిట్లనే పొద్దుగాల లేచి చూసెవరకు గదే తొవ్వల ఎర్రజెండ ఉండె. ఎవలు పెట్టిండ్రో మాకు తెల్వది. ఎండ రాకముందే క్యాంపోళ్లు వచ్చిండ్రు. వయసు పోరగాండ్లను ఇండ్లల్లకెళ్లి గుంజుకొచ్చి, ఉరుకుండ్రి అన్నరు. ఎనుకకెళ్లి కాల్చుకుంట వచ్చిండ్రు. నా కొడుకు గీ తొవ్వల్నే ఉరికిండు. మళ్ల రాలే."

నాకు తల తీసేసినట్టయింది. నేనూ ఈ జిల్లావాణ్నే, మా సొంతూరు హుజూరాబాద్ పక్కనే. నిజాం పోయిన ఆ రెండు మూడేళ్లలో కమ్యూనిస్టుల ఎర్ర జెండా ఎగిరిన ఊరిమీద క్యాంపుల్లోని పోలీసులు, మిలిటరీ వచ్చి పడ్డ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేనప్పుడు హైదరాబాదులో చదువుకుంటూ, సెలవులకు వచ్చినప్పుడల్లా వినేవాణ్ని. తెలియక చేసిన తప్పయితే బాధ ఉండేది కాదు. కాగితంలో ఎర్ర గుడ్డ అని చూసి ఎర్ర గుడ్డ కొనుక్కొచ్చాను, అంతే. పదేళ్లయినా గడవకముందే, ఆ ఊరి పొలిమేరలోనే, ఒకటి కాదు, పదకొండు పాతాను.

కూర్చుని బాధపడే సమయం కూడా లేదు. ఆమె ముందు గొంతుక్కూర్చుని అడిగాను. "అవ్వా, తప్పు నాదే. కానీ గిప్పుడు గీ తొవ్వల పిల్లలు ఉరుక్కుంట వస్తరు. నువ్వు జర మలుపు కాడ నిలబడి ఎడమకు తిప్పాలె. లేకుంటే మంచుల బావి కనబడదు."

ఆమె చెయ్యి పొయ్యి దగ్గరే ఆగిపోయింది. "ఎవలన్న తరుముతరా?"

"ఎవలు తరుమరవ్వా. వాళ్లంతట వాళ్లే ఉరుకుతరు."

"ఎందుకు?"

"ముందు ఎవలొస్తరో చూద్దామని" అన్నాను.

"ఎనుక వచ్చినోన్ని ఏం జేస్తరు?"

"ఏం జేస్తం అవ్వా? సల్ల ఇస్తం తాగనీకి."

ఆమె పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, నీళ్లు చల్లి, లేచింది. నా వెదురు కట్ట తానే నెత్తిన పెట్టుకుంది. చీలిక దగ్గరికి వచ్చాక, నేను చెప్పకముందే, ఆ పదకొండు కట్టెలూ బావివైపు బాటకు అడ్డంగా పరిచింది. ఆ తెలివి నాకు రాలేదు. "పోయినోళ్లందరు మళ్ల గిటే వస్తరు. అందరు వచ్చేదాంక కదలకు" అని ఆజ్ఞాపించి సైకిలెక్కాను. వెనక్కి తిరిగి చూస్తే ఆమె వంగి గులకరాళ్లు ఏరుకుంటోంది. ఎందుకో అర్థం కాలేదు, అడగలేదు.

సరిగ్గా ఏడున్నరకు ఈల వేశాను. తొంభై ఆరుగురూ మంచులో కలిసిపోయారు. ఇక నేను చేయగలిగింది ఏమీ లేదు. హైదరాబాదు ఆఫీసరు కుర్చీలో కూర్చుని టీ తాగుతూ, ఏర్పాట్లు ఎట్లా ఉన్నాయని అడిగాడు. బ్రహ్మాండంగా ఉన్నాయన్నాను. జెండాలు ఎన్ని అన్నాడు. లేనివి కూడా కలిపి లెక్క చెప్పాను. దారిలో ఎక్కడో కేక వినబడ్డట్టు అనిపించేది. చెవులు రిక్కిస్తే బండి ఇరుసు చప్పుడు. మంచులో ఒక్క పిల్లవాడి కాలు ఆ బావి అంచు మీద పడితే వాడి తల్లికి ఏ భాషలో ఉత్తరం రాయాలా అని ఆలోచించాను. నిజంగా, ఆ ఉత్తరంలో మొదటి మాట ఏం రాయాలో కూడా అనుకున్నాను.

అరగంట దాటాక మంచులోంచి మొదటివాడు వచ్చాడు, బెంగాలు పిల్లవాడు, మోకాళ్ల దాకా బురద. తర్వాత గుంపులు గుంపులుగా వచ్చారు. గీత దాటిన ప్రతివాణ్నీ లెక్కపెట్టాను. తొంభై, తొంభై రెండు, తొంభై అయిదు. అక్కడే ఆగింది. పావుగంట చూశాను. తొంభై ఆరోవాడు లేడు.

హెడ్మాస్టరు నా మొఖం చూసి దగ్గరికి వచ్చారు. ఆయనకు చెప్పడానికి నోరు తెరిచేలోపు దవాఖానా జీపు మైదానంలోకి వచ్చింది. లోపల పంజాబు పిల్లవాడు, నెత్తి మీద జుట్టు ముడి, ఎడమ కాలికి కట్టు. ఊరు చుట్టే దారిలో తుమ్మముల్లు అరికాల్లోకి దిగబడితే, అక్కడ నేను నిలబెట్టిన మాస్టరు, పందెం కోసం పెట్టిన దవాఖానా జీపు పిలిచి, పెద్ద రోడ్డు మీదుగా దవాఖానాకు తీసుకుపోయాడట. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ పిల్లవాణ్ని కౌగిలించుకుంటే వాడు బిత్తరపోయాడు.

ఆ తర్వాత అంతా పండగే. నిర్మల్ కొయ్యబొమ్మలు బహుమతులుగా ఇచ్చాం. ఆఫీసరు ఉపన్యాసంలో రెండుసార్లు నా పని మెచ్చుకున్నాడు. నేను మళ్లీ ఛాతీ పొంగించాను. జెండాల సంగతి ఎవరికీ చెప్పలేదు. భోజనాలయ్యాయి, ఫోటో తీశారు. పొద్దు వాలుతుంటే, కాజీపేట రైలందుకోవాలని పిల్లలు బస్సుల్లో సామాను ఎక్కిస్తున్నారు. అప్పుడు ఆ ఊరి పోలీసు పటేలు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సారూ, మా ఊరి ముసల్ది ఇంక మలుపు కాడనే నిలబడ్డది. బువ్వ తినలే. పిలిస్తె వస్తలేదు. సారు కదలొద్దన్నడు అంటున్నది."

పందెం ముగిసినప్పటినుంచి నేను ఆమెను ఒక్కసారి కూడా తలుచుకోలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం వస్తోంది.

సైకిలు తొక్కుకుంటూ పోయాను. ఆమె అదే చోట, ఒక కట్టె ఊతగా పట్టుకుని నిలబడి ఉంది. "అయిపోయిందవ్వా, ఇంటికి పో" అన్నాను.

కొంగు ముడి విప్పి చూపించింది. అందులో ఒకే ఒక్క గులకరాయి ఉంది. "నాకు లెక్క రాదు సారూ. ఉరికినోడు ఉరికినట్టు కొంగుల ఒక రాయేసిన. మళ్లొచ్చినోడు మళ్లొచ్చినట్టు తీసిన. ఒక్కడు రాలే. నెత్తి మీద కొప్పున్న పోరడు."

"వాడు మంచిగున్నడవ్వా. కాలుకు ముల్లు గుచ్చుకుంటె దవాఖానకు తీస్కపోయిండ్రు."

ఆమె ముడి మళ్లీ బిగించింది. "గప్పుడు సుత గట్లనే చెప్పిండ్రు. దవాఖానల ఉన్నడు, పో అన్నరు."

సైకిలు తిప్పాను. నా జన్మలో అంత వేగంగా ఎప్పుడూ తొక్కలేదు. మైదానానికి చేరేసరికి పంజాబు జట్టు బస్సెక్కేసింది, డ్రైవరు హారను కొడుతున్నాడు. వాళ్ల మాస్టరుకు వగరుస్తూ ఉర్దూలో చెప్పాను. ఆయన గడియారం చూపించాడు, రైలు పోతుందన్నాడు. నేను బస్సు ముందు సైకిలు అడ్డంపెట్టి నిలబడ్డాను. హెడ్మాస్టరు వచ్చి ఏంటీ పాగల్‌తనం అన్నారు. అందరి ముందూ, ఆఫీసరు ముందు కూడా, జెండాలు లేవని, ఈ పందెం ఒక ముసలమ్మ చేత్తో జరిగిందని చెప్పేశాను. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆ కుర్రాడే కుంటుతూ బస్సు దిగి నా సైకిలు వెనక ఎక్కాడు.

మేం వెళ్లేసరికి ఎండ పూర్తిగా పోలేదు. ఆమె దూరం నుంచే సైకిలు వైపు చూస్తూ ఉంది. కుర్రాడు దిగి, కుంటుతూ ఆమె దగ్గరికి నడిచాడు. ఆమె వాడి తల మీది ముడిని తాకింది. వంగి కాలికున్న కట్టు చూసింది. వేలితో నెమ్మదిగా ఒత్తి, నొస్తుందా అన్నట్టు మొఖంలోకి చూసింది. వాడు తల అడ్డంగా ఊపాడు. అప్పుడు కొంగు విప్పి ఆ రాయి తీసి బాట మీద వదిలేసింది.

ఆమె ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. నాకే కళ్లనిండా నీళ్లు వచ్చాయి. ఆమె బావివైపు బాటకు అడ్డం పరిచిన కట్టెలు ఒక్కొక్కటే ఏరి, చేతిలో ఊతగా పట్టుకున్నదాన్ని కూడా వాటిలో కలిపి, కట్టగట్టి నా ముందు పెట్టింది.

"లెక్క చూస్కో సారూ" అంది. "ఇగ నేను పోత. పొద్దటి సంది పొయ్యి ఆరిపోయి ఉన్నది."