పికప్ బండికి పెట్టిన రసమట్టం

మా చాల్ గణపతిని ఆకాశం వైపు చూసేలా కూర్చోబెట్టిన ఘనుణ్ణి నేనే. పట్టపగలు, నడిరోడ్డు మీద, డప్పులతో సహా. ఇది ఎనభైల నాటి మాట. కామాఠిపురాలో ఇప్పటికీ నలుగురు కూడితే ఈ కథ చెప్పుకుంటారు. వాళ్ళు మొహమాటానికి నా తెలివితక్కువతనాన్ని కాస్త తగ్గించి చెబుతున్నారని అనుమానం వచ్చింది. అందుకే ఉన్నదున్నట్టు నేనే చెబుతున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. మా తాత పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్ళో గోడలు కట్టాడు. మా నాయిన మేస్త్రీ అయ్యి నేలలు పరిచాడు. నాకు మాత్రం తాపీ పని అబ్బలేదు. నేను కట్టిన ఒకే ఒక్క గోడని ఎవరి మీదా పడకముందే మా నాయినే దగ్గరుండి కూలగొట్టించాడు. దాంతో డ్రైవింగ్ నేర్చుకుని, పాత పికప్ బండి ఒకటి తీసుకుని, గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర నిలబెట్టి సామాన్లు మోసేవాణ్ణి. బండి బాగానే నడిచేది. కాకపోతే దాని ముందు భాగం వెనక భాగం కంటే రెండు వేళ్ళు కిందికి ఉండేది.

ఇంకెక్కడైనా అయితే ఆ రెండు వేళ్ళు ఎవరి కంటా పడేవి కావు. అంతస్తుకో గ్యాలరీ, గ్యాలరీ పొడుగునా గదులుండే మా చాల్లో మాత్రం మూడిళ్ళకొక మేస్త్రీ ఉన్నాడు. బండి తెచ్చిన రోజే నాయిన దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఒక కన్ను మూసి చూశాడు.

"ముంగటికి వంగిందిరా యాద్గిరీ."

"బండ్లన్నీ గట్లనే ఉంటయి నాయినా."

"ఎట్లుంటయి? బండ్లు చేసెటోళ్ళ దగ్గర రసమట్టం ఉండదా?"

లోపలికి వెళ్ళి తన రసమట్టం తెచ్చాడు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అది మూరెడు చెక్క. దాని నడుమ గాజు గొట్టం, గొట్టంలో ఒక గాలిబుడగ. బుడగ మధ్యలో నిలిస్తే నేల సమంగా ఉన్నట్టు. ఒక పక్కకు పోతే ఆ పక్క ఎత్తుగా ఉన్నట్టు. బండి వెనక తొట్టిలో పెట్టగానే బుడగ వెనక్కి పరుగెత్తింది. నాయిన రసమట్టాన్ని గుడ్డలో చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

మర్నాటి నుంచి నల్లా దగ్గర బిందెలు పట్టుకున్నవాళ్ళందరూ పలకరింపులు మొదలుపెట్టారు. "ఏం యాద్గిరీ, నీ బండి ఏమన్న పారేసుకున్నదా? కిందికే చూస్తాంది."

ఇదంతా నవ్వులో పోయేదే. ఇంతలో గణపతి పండుగ దగ్గరపడింది. ఏటా లాల్‌బాగ్ విగ్రహాల కార్ఖానా నుంచి దేవుణ్ణి కిరాయి లారీలో తెచ్చేవాళ్ళు. పండుగ కమిటీలో ఇన్నేళ్ళుగా నాకిచ్చిన పని భక్తుల చెప్పులు వరసగా పెట్టడం. తాపీ పట్టనివాడికి అదే ఎక్కువనుకునేవాళ్ళు. నాకది లోపల బాగా గుచ్చుకునేది. దేవుడు నా బండిలో వస్తే నేనూ చాల్లో ఒక మనిషినవుతాను అనుకుని, కమిటీ అధ్యక్షుడు మల్లయ్య పెద్దనాయినను అడిగాను. ఆయనా మేస్త్రీయే.

"ఇస్త," అన్నాడాయన. "కని నీ బండి వంకర. దేవుడు ముంగటికి ఒరిగితే మేస్త్రీల చాల్ పరువేముంటది? బరాబర్ లెవల్ చేయించుకో, దేవుడు నీ బండిల అస్తడు. లేకుంటే లారీ ఉండనే ఉన్నది."

నేను బండి తీసుకుని నాగ్‌పాడాలోని ఉస్మాన్ చాచా షెడ్డుకు వెళ్ళాను. ముప్పై ఏళ్ళుగా బండ్ల కింద పడుకుని పని చేసిన మనిషి. ముందు చక్రాల దగ్గర బండి బరువు మోసే కమాను పట్టీల కింద ఇనుప దిమ్మెలు పెట్టి రెండు వేళ్ళు లేపమన్నాను. ఆయన చేతులు తుడుచుకుని హిందీలో మొదలుపెట్టాడు. మన మాటల్లో చెబుతాను.

"వెనక ఎత్తు కావాలనే పెట్టారు. బరువు పడితే వెనక దిగుతుంది. అప్పుడు సమమవుతుంది."

"ఇప్పుడు సమంగా లేదు కదా చాచా."

"ఇప్పుడు బండిలో ఏముంది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేనిదాన్ని ఎవరి కోసం సమం చేస్తావు?"

ఇంటికొచ్చి రెండు రోజులు ఆలోచించాను. దిమ్మెలు పెట్టిస్తే చాచా మాట కాదన్నట్టు. పెట్టించకపోతే మళ్ళీ చెప్పుల దగ్గరికే. చాచా చెప్పింది మల్లయ్య పెద్దనాయినతో ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. అంటే "తప్పించుకుంటున్నడు" అంటారని భయం. పైగా నేను ఎంత డ్రైవర్నైనా మేస్త్రీ కొడుకునే కదా. మా వాళ్ళు కట్టినదేదీ బరువు పడితే కిందికి దిగేది కాదు. దిగితే పనిలోంచి తీసేసేవాళ్ళు. ఖాళీగా సమంగా ఉన్నది నిండినా సమంగానే ఉంటుందని మా రక్తంలోనే ఉంది.

మూడో రోజు దిమ్మెలు పెట్టించేశాను. "బరువెక్కించి ఒకసారి చూసుకో," అన్నాడు చాచా. అలాగేనని తలూపి, చూసుకోకుండా వచ్చేశాను.

ఆ సాయంత్రం బండి చుట్టూ జాతర జరిగింది. నాయిన రసమట్టం పెట్టాడు, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. బుడగ కదలకుండా నడుమ నిలిచింది. ఎవరి రసమట్టాలు వాళ్ళు తెచ్చుకుని మరో ఆరుగురు చూసుకున్నారు. ఏడు బుడగలూ ఒకే మాట చెప్పాయి. "ఏక్‌దం బరాబర్," అన్నాడు పెద్దనాయిన. నాయిన నా భుజం మీద చెయ్యి వేశాడు. గోడ కూలగొట్టించిన తర్వాత ఆ చెయ్యి నా మీద పడటం అదే మొదలు. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

పండుగ ముందురోజు పొద్దున లాల్‌బాగ్ వెళ్ళాం. ఆరడుగుల విగ్రహం, దాని కింద చెక్క పీట. తొట్టిలోకి ఎక్కించాం. వెనక కొంచెం దిగింది. నేను పట్టించుకోలేదు. తర్వాత డప్పులవాళ్ళు ఎక్కారు. తర్వాత కమిటీ ఎక్కింది. తర్వాత కమిటీలో లేనివాళ్ళు ఎక్కారు. దేవుడు మెల్లగా వెనక్కి వాలి, కడుపు నిండా భోంచేసిన మామయ్యలా ఆకాశం చూడటం మొదలుపెట్టాడు.

పెద్దనాయిన తొట్టిలో రసమట్టం పెట్టాడు. "యాద్గిరీ, బుడగ ముంగటికి పోయింది."

"ఎంత పోయింది పెద్దనాయినా?"

"కనవడ్తనే లేదు."

"కొందరు దిగుతే సరైతది."

"దేవుని బండి ఎక్కినోణ్ణి దిగుమంటవా?"

ఎవరూ దిగలేదు. చివరికి మేస్త్రీలంతా కూడబలుక్కుని, ముందు బరువు పెడదామన్నారు. చాల్లో లావుపాటి నలుగురినీ ఏరి బానెట్టు మీద కూర్చోబెట్టారు. వాళ్ళకు పెద్దగా పెద్దనాయిన. బుడగ కనిపించే చోటికి వచ్చింది. రోడ్డు కనిపించకుండా పోయింది. అద్దం నిండా పెద్దనాయిన వీపే. నాయిన పక్కన నడుస్తూ "ఎడ్మకు, ఇంక ఎడ్మకు, ఆగు" అంటుంటే నేను ఆ వీపును చూస్తూ నడిపాను. కూడలిలో ట్రాఫిక్ హవల్దార్ చెయ్యెత్తి ఆపాడు. ఎటు వాలి విగ్రహం చెక్కుచెదిరినా పూజకు పనికిరాదని బ్రేకు మెల్లగా తొక్కాను. ఆయన దేవుణ్ణి చూసి, బానెట్టును చూసి, "దేవ్ బస్‌లాయ్ కీ ఝోప్‌లాయ్?" అన్నాడు. దేవుడు కూర్చున్నాడా, పడుకున్నాడా అని. జవాబు కోసం ఆగకుండా పొమ్మన్నాడు.

మా గల్లీ మొదట్లో బానెట్టు మీదివాళ్ళు డప్పులకు చిందులెయ్యడానికి దిగిపోయారు. ముందు భాగం ఒక్కసారిగా లేచింది. దేవుడు మళ్ళీ వెనక్కి వాలాడు. డప్పులు ఆగాయి. పెద్దనాయిన నా దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు. నాయిన నేల చూస్తున్నాడు. చెప్పుల పని కూడా పోయిందని నాకు అర్థమైంది.

అప్పుడే మూడో అంతస్తు గ్యాలరీ నుంచి లచ్చవ్వ గొంతు వినిపించింది. మోకాళ్ళ నొప్పులతో ఏడేళ్ళుగా కిందికి దిగని ముసలమ్మ. ఏటా ఆమెకు పైనుంచి కనిపించేది దేవుడి కిరీటం, మల్లయ్య పెద్దనాయిన బట్టతల.

"మల్లయ్యా, ఆణ్నే ఆపు. కదిలియ్యకు."

"ఏమైంది అవ్వా?"

"ముఖం కనవడ్తున్నది. ఇన్నేండ్లకు మా దిక్కు సూసిండు."

ఆడవాళ్ళంతా కటకటాల దగ్గరికి వచ్చారు. పైనుంచి చల్లిన పూలు సూటిగా దేవుడి ముఖం మీదే పడ్డాయి. లచ్చవ్వ ఏడుస్తోంది. పెద్దనాయిన తెరిచిన నోరు మూసుకున్నాడు. నేను స్టీరింగు మీద తల పెట్టుకుని, అందరికీ వినిపించేలా ఏడ్చాను.

మర్నాడు కమిటీ కూర్చుంది. ఇకమీదట దేవుడు ఏటా నా బండిలోనే రావాలని తీర్మానించింది. నేను నాగ్‌పాడా వెళ్ళి దిమ్మెలు తీయించుకున్నాను. చాచా నవ్వలేదు, అదొక్కటే ఆయన చేసిన మేలు. ఆ షెడ్డులోనే, గ్రీజు చేతుల సాక్షిగా నేనొక ప్రమాణం చేశాను. ఖాళీ బండి మీద రసమట్టం పెట్టను, పెట్టనివ్వను, ముందు భాగాన్ని ఈ జన్మలో రెండు వేళ్ళు కాదు కదా, వెంట్రుక మందం కూడా లేపను. ఆ ప్రమాణాన్ని ఏడాదిలో మూడు వందల అరవై నాలుగు రోజులు నిష్ఠగా పాటిస్తూ వచ్చాను. మిగిలిన ఆ ఒక్క రోజూ దిమ్మెలు పెట్టించుకు రమ్మని లచ్చవ్వ ఆజ్ఞ.