నేను చూడని నా ఎముక

నా తలలోంచి తీసిన ఎముక గడ్డను నాకు చూపించలేదు, మా ఆవిడకు చూపించారు. అన్యాయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

బందరు డాక్టరమ్మకు ఒక అలవాటు ఉండేది. ఆపరేషన్ కాగానే, తీసినదాన్ని ట్రేలో పెట్టుకుని, మాస్కయినా తీయకుండా బయట కూర్చున్నవాళ్ల దగ్గరికి వచ్చేది. నుదుటి మీద కోత లేకుండా, ముక్కులోంచి గొట్టం పంపి తీసింది సైనస్‌లో పెరిగిన నా గడ్డను. తెల్లగా శనగగింజంత ఉందట. సైనస్ గురించి దొరికిన పుస్తకమల్లా చదివింది నేను. క్యాన్సరేమోనని ఊరికే వణికింది మా ఆవిడ. నాకు మెలకువ వచ్చేసరికి దాన్ని పరీక్షకు పంపేశారు.

చెకప్‌కు వెళ్లిన ప్రతిసారీ డాక్టరమ్మతో దెబ్బలాడాను. నవ్వేసి, ముక్కులో లైటు వేసి చూసేది. ఆస్పత్రి మూసేసి ఊరు వదిలే ముందు మాత్రం జవాబిచ్చింది:

"మీరు హాయిగా మత్తులో ఉన్నారు బాబాయిగారూ. బయట పిన్నిగారు పొద్దుట్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ముందు ఎవరికి చూపించమంటారు?"