ఇరవై మీటర్ల ఎత్తు

ట్రే మాస్టారి అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. గోడౌన్ల కప్పులు, పొగగొట్టాలు, నీళ్ల ట్యాంకులు ఎక్కడ పగిలాయో, ఎక్కడ తుప్పు పట్టాయో డ్రోన్‌తో ఫొటోలు తీసి చెప్పే ఓ చిన్న కంపెనీలో ఆయన పెద్ద పైలట్. అంతకుముందు ఇరవై రెండేళ్లు క్రేన్ నడిపాడు. డ్రోన్ చేతికొచ్చిన కొత్తలో ఓ మధ్యాహ్నం క్యాంటీన్ ఆవిడ ఖాళీ టీ ట్రే నేల మీద పెట్టి, "మీ ఈగని దీని మీద దించండి చూద్దాం" అని పందెం కాసింది. ఆయన దించాడు, అంచు కూడా తగలకుండా. ఆ రోజు నుంచి ఆయన ట్రే మాస్టారు. కొత్త గిరాకీ ఎవరొచ్చినా మేనేజరు ముందు ట్రే తెప్పిస్తాడు, తర్వాతే పని సంగతి మాట్లాడతాడు.

డ్రోన్‌ని వెనక్కి తేవడానికి రెండు దార్లున్నాయి. రెండు బొటనవేళ్లతో రిమోట్ మీది పుల్లలు తిప్పుకుంటూ మనమే తెచ్చుకోవడం ఒకటి. రిమోట్ మీద ఇంటి బొమ్మ ఉన్న బటన్ నొక్కడం రెండోది. నొక్కామా, అది ముందు నిటారుగా మనం పెట్టిన ఎత్తుకి లేస్తుంది, అక్కణ్ణించి తిన్నగా బయల్దేరిన చోటికే వచ్చి వాలుతుంది. వస్తున్నంతసేపూ రిమోట్ కీచుకీచుమంటూ నలుగురికీ చాటింపు వేస్తుంది. మాస్టారికి ఆ బటన్ అంటే చిన్నచూపు. "బటన్ నొక్కి తెచ్చేవాడు పైలట్ కాదు, లిఫ్ట్ ఎక్కినవాడు" అనేవాడు. అన్నప్పుడల్లా అందరూ నవ్వేవాళ్లు. అంతమందిని నవ్వించిన మాట వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఆయనకి తర్వాత తెలిసొచ్చింది.

రెండేళ్ల కిందట ఎడమ కన్ను మసకేసింది. లోపలి పొర దెబ్బతిందనీ, ఉన్న చూపు కాపాడొచ్చు గానీ పోయింది రాదనీ డాక్టరు చెప్పాడు. ఆ కాగితాన్ని మాస్టారు బీరువాలో పాత చొక్కాల మడతలో పెట్టాడు. భార్యకి చెప్పలేదు. వంద గజాలు దాటాక డ్రోన్ ఉత్త చుక్క. దాని ముక్కు మనవైపు ఉందో, అవతలివైపు ఉందో పోల్చుకోవాలి, లేకపోతే కుడి ఎడమైపోతుంది. ఆయనకి పోల్చుకోవడం కుదరడం లేదు. డ్రోన్ కెమెరాకి కనపడేది చూపించే తెర ఉంది, అది చూసి నడపొచ్చు కదా అంటారేమో, తల వంచుకుని తెర చూసి నడిపేవాళ్లకి ఆయన ఎప్పుడో 'బావిలో కప్పలు' అని పేరు పెట్టి ఉన్నాడు. తన నోరే తనకి అన్ని దారులూ మూసేసింది.

ఇక మిగిలింది బటనే. దాంతో రెండు చిక్కులు. ఒకటి ఆ కీచుకీచు. దానికి తను నడిపే రెండు డ్రోన్ల రిమోట్ స్పీకర్ల మీదా నల్ల టేపు ముక్కలు అంటించాడు. రెండోది, డ్రోన్ కంపెనీ పెట్టుకున్న అరవై మీటర్లకి నిటారుగా లేచిందంటే బటన్ నొక్కారని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. అందుకని రెండింటిలోనూ ఆ ఎత్తుని ఇరవైకి తగ్గించాడు. ఇప్పుడు అది లేచీ లేవనట్టు లేచి, బుద్ధిగా వచ్చేస్తుంది. వేళ్లు ఊరికే కదుపుతున్నట్టు నటిస్తూ, చివరి పది అడుగులు మాత్రం తన చేతుల్లోకి తీసుకుని ట్రే మీద దించుతాడు. చప్పట్లు ఆ పది అడుగులకే గనక ఎవరికీ అనుమానం రాలేదు. వాళ్లకొచ్చే పనులన్నీ రేకుల షెడ్లు కావడంతో ఇరవై మీటర్లు ఎప్పుడూ దేనికీ తగల్లేదు.

ఇలా గుట్టు సాగుతుండగా మాస్టారి అక్క కూతురు కంపెనీలో చేరింది. ముప్పై నాలుగేళ్ల మనిషి. అంతకుముందు ఫోన్ కంపెనీలో ఫిర్యాదులు రాసుకునే ఉద్యోగం. తొమ్మిదేళ్లు జనం తిట్లు విని విని, ఇక చాలనుకుని డ్రోన్ పరీక్ష రాసి పాసైంది. మాస్టారే మేనేజరుకి చెప్పి పెట్టించాడు. ఆరు నెలలు చూస్తామనీ, బాగుంటే ఉంచుతామనీ అన్నారు.

ఆమెది పద్ధతి గల చెయ్యి. ఎగరేసే ముందు చూసుకోవాల్సినవన్నీ ఓ అట్ట మీద రాసుకుని మెళ్లో వేసుకుంది. అందులో నాలుగోది 'రిటర్న్ ఎత్తు.'

"అది నేను చూసుకుంటాలే అమ్మాయ్. ఆ బటన్‌తో నీకు పనిలేదు" అన్నాడు మాస్టారు మొదటిరోజే.

"పనిలేనిదాన్ని ఎందుకు పెట్టారు మామయ్యా?"

"చేతకానివాళ్ల కోసం."

మిగతా పైలట్లు నవ్వారు. ఆమె కూడా నవ్వి, నాలుగో గీత ఎదురుగా రోజూ మామయ్య మాట మీద టిక్కు పెట్టడం మొదలెట్టింది.

ఆరో నెలలో ఓ పిండి మిల్లు పని వచ్చింది. మిల్లు మధ్యలో ధాన్యం పైకి తోడే టవర్, ముప్పై ఐదు మీటర్లు. దాని వెనక గోడౌన్. గోడౌన్ కప్పు అంచులు ఫొటోలు తీయాలి. ఆమె డ్రోన్‌ని టవర్ పక్కనుంచి చుట్టు తిప్పి తీసుకెళ్లి, పదిహేను మీటర్ల ఎత్తులో పని చేసుకుంటోంది. మాస్టారు పక్కనే నిలబడి ఉన్నాడు. ఉన్నట్టుండి తెర మీద బొమ్మ ఆగిపోయింది, తర్వాత నల్లబడింది. డ్రోన్ టవర్ చాటున ఉంది, కంటికి కనపడదు. ఆమె కంగారుపడలేదు. పుస్తకంలో ఏం చెయ్యమని ఉందో అదే చేసింది. ఇంటి బొమ్మ నొక్కింది.

కాసేపటికి టవర్ నిచ్చెన సందుల్లోంచి డ్రోన్ కనపడింది. ఇరవై మీటర్లకి లేచి, ఆగి, వాళ్లవైపు తిరిగింది.

"ఇంకా లేస్తుంది" అంది ఆమె. "అరవైకి లేచి టవర్ దాటుతుంది."

లేవదని మాస్టారికి తెలుసు. "ఆపు" అని ఒక్క మాట అంటే ఆమె ఆపేసేది, అంత టైముంది. కానీ ఆ మాట అంటే, ఎలా తెలుసని ఆమె అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకి భయపడి ఆయన నోరు మూసుకున్నాడు. డ్రోన్ తిన్నగా వచ్చి టవర్ నిచ్చెనకి కొట్టుకుని, పక్క షెడ్డు రేకు పగలగొట్టుకుని ప్యాకింగ్ గదిలో పడింది. అక్కడ సంచులు కుట్టే ఆవిడ అప్పుడే మంచినీళ్లకి లేచింది. ఆవిడ కూర్చునే స్టూలు రెండు ముక్కలైంది.

జనం పరుగెత్తుకొచ్చారు. అప్పుడు మాత్రం మాస్టారికి నోరు వచ్చింది.

"బటన్ ముట్టుకోవద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాను?" అని అందరి ముందూ గట్టిగా కేకలేశాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నవాడు కూడా మద్దెలనే అన్నాడు గానీ, పక్కన నిలబడ్డ మనిషిని అనలేదు. ఆమె చేతిలో రిమోట్ అలాగే పట్టుకుని నేలచూపులు చూసింది.

ఆ సాయంత్రం డ్రోన్ ముక్కలూ, రిమోట్, తెరా మాస్టారి బల్ల మీదికి చేరాయి. ఆయన గది తలుపు దగ్గరికి వేసి, ఇరవైని అరవై చేశాడు. టేపు పీకి జేబులో వేసుకున్నాడు. మొత్తం పనికి అర నిమిషం పట్టింది. తర్వాత చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు.

మర్నాడు రిపోర్టు రాయడానికి ఆమె వచ్చి తెర తెరిచింది. చాలాసేపు చూసింది.

"అరవై అనే ఉంది మామయ్యా. మరి అంత కిందనుంచి ఎందుకొచ్చింది?"

"గాలికి అయ్యుంటుంది" అన్నాడు ఆయన. తేలు కుట్టిన దొంగకి కూడా ఆపాటి గొంతు వస్తుంది.

"గాలికి అలా రాదు. నేనే ఏదో చేసుంటాను. ఏం చేశానో తెలియడం లేదు."

ప్రమాదానికి కారణం అన్న చోట ఫారంలో రెండు గీతల జాగా ఉంది. ఆమె ఒక్క గీతే రాసింది, 'నాకు తెలియలేదు, తప్పు నాదే' అని. పై అధికారి సంతకం దగ్గర మాస్టారు సంతకం పెట్టాడు. మేనేజరు ఆమెని ఎగరేసే పని మానిపించి ఫైళ్ల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. నెలాఖరుకి అదీ ఉంటుందో లేదో చెప్పలేనన్నాడు.

నాలుగో రోజు సాయంత్రం అక్క ఫోన్ చేసింది. తనని తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండుననీ అనుకున్నాడు.

"తమ్ముడూ, నీ పరువు తీసింది మా పిల్ల. ఏమనుకోకు" అంది అక్క.

ఆయన ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"తిండి సరిగ్గా తినడం లేదురా. కాగితాలు ముందేసుకుని ఆ టవర్ బొమ్మే గీస్తుంది. ఎక్కడ తప్పు చేశానమ్మా అని నన్నడుగుతుంది, నాకేం తెలుసు? నువ్వోసారి కూర్చోబెట్టి, ఫలానా చోట తప్పు చేశావని చెప్పరాదూ? తెలిస్తే కుదుటపడుతుంది."

"చెప్తానక్కా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక అద్దం ముందు నిలబడి మంచి కన్ను మూసుకుని చూసుకున్నాడు. మొహం ఉండాల్సిన చోట మచ్చ. వెనకనుంచి భార్య, "ఏమండీ, కంట్లో ఏమైనా పడిందా?" అని అడిగింది. అప్పుడు బీరువాలోంచి కాగితం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ రెండుసార్లు చదివింది. "రెండేళ్లా?" అంది. ఆ ఒక్క మాటకే ఆయన తల ఎత్తలేకపోయాడు.

పొద్దున ఎనిమిదింటికి పైలట్లంతా పనులు పంచుకోవడానికి కంపెనీ వెనక ఖాళీ జాగాలో చేరతారు. మాస్టారు మేనకోడల్ని కూడా ఫైళ్ల దగ్గర్నుంచి పిలిపించి, మేనేజరు ముందు నిలబడి చెప్పాడు. ఎడమ కన్ను మసకేసిందనీ, అందుకే రెండేళ్లుగా బటన్ నొక్కుతున్నాననీ, ఎత్తు తగ్గించింది తనేననీ, తర్వాత మార్చిందీ తనేననీ చెప్పాడు. జేబులోంచి టేపు ముక్క తీసి చూపించాడు.

మేనేజరు నవ్వుతూ ఆయన భుజం తట్టాడు. "మీ మనసు వెన్న మాస్టారూ. మేనకోడల్ని కాపాడుకోవాలని నింద మీ మీద వేసుకుంటున్నారు. మీకు బటన్ ఎందుకండీ, మేం చూడలేదా?"

పైలట్లు తలూపారు. వాళ్ల కళ్లలో మాస్టారి మీద గౌరవం ఇంకో మెట్టు పెరిగింది. అక్కడితో ఆపేస్తే నిజం చెప్పిన పుణ్యం, గొప్పవాడన్న పేరు రెండూ దక్కుతాయి. ఆ ఆలోచన ఆయనకి ఒక్క క్షణం తియ్యగానే తగిలింది. తియ్యగా తగిలినందుకు ఒళ్లంతా చచ్చినంత సిగ్గేసింది.

"రెండో డ్రోన్ తీసుకురండి" అన్నాడు.

డ్రోన్ వచ్చింది. ఆ వెనకే, అడక్కుండానే, క్యాంటీన్ ఆవిడ ట్రే తెచ్చి నేల మీద పెట్టింది. మాస్టారు ఆ రిమోట్ మీది టేపు కూడా గోటితో పీకేసి, "అట్ట చదువమ్మా" అన్నాడు మేనకోడలితో. ఆమె ఒక్కొక్కటే చదివింది.

"రిటర్న్ ఎత్తు?"

"నువ్వే చూడు."

ఆమె చూసింది. "ఇరవై ఉంది" అంది మెల్లగా. ఆమె వేలు తెర మీద కాసేపు ఆగిపోయింది. తర్వాత దాన్ని అరవై చేసింది.

మాస్టారు చెప్పినట్టే ఓ పైలట్ డ్రోన్‌ని దూరంగా తీసుకెళ్లి, ముక్కు ఎటుందో గుర్తుండకుండా గాల్లోనే నాలుగు చుట్లు తిప్పి, రిమోట్ మాస్టారికిచ్చాడు. ఆయన తల ఎత్తి చుక్కని చూసి, పుల్ల తనవైపు లాగాడు. చుక్క ఇంకా దూరమైంది. అటు తోశాడు. అది పక్కకి, కరెంటు తీగలవైపు మళ్లింది. ఎవరో నవ్వారు, మాస్టారు వేళాకోళం చేస్తున్నాడనుకుని. మళ్లీ లాగాడు. నవ్వు ఆగిపోయింది. డ్రోన్ తీగలకి ఇంకా దగ్గరైంది.

"బటన్ నొక్కండి మామయ్యా" అంది మేనకోడలు.

నొక్కాడు. రిమోట్ కీచుకీచుమని మొదలెట్టింది. డ్రోన్ నిటారుగా అరవై మీటర్లకి లేచి, తీగల మీదుగా, షెడ్ల మీదుగా రాసాగింది. మాస్టారు పుల్లల మీదనుంచి వేళ్లు తీసేసి, అందరికీ కనపడేలా రిమోట్ చాచి పట్టుకున్నాడు. ఇంతసేపు అరుస్తుందని ఆయన మర్చిపోయాడు. అది వచ్చి ట్రేకి జానెడు దూరంలో, బయల్దేరిన చోట వాలింది. క్యాంటీన్ ఆవిడ ట్రే తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

జనం ఒక్కొక్కరే కదిలారు. మేనేజరు కొత్త ఫారం తెచ్చి బల్ల మీద పెట్టి, మొహం చూడకుండా వెళ్లాడు. మేనకోడలు మాత్రం ఉంది.

"కన్ను సంగతి దాచారని కాదు మామయ్యా" అంది. "అది టవర్ మీదికి వస్తున్నప్పుడు, నేను లేస్తుంది లేస్తుంది అంటున్నాను కదా. అప్పుడు మీకు తెలుసా?"

ఈ ప్రశ్న వస్తుందని ఆయనకి తెలుసు. దారిపొడుగునా జవాబులు కూడబెట్టుకుంటూనే వచ్చాడు. కన్ను, వయసు, అంతా రెప్పపాటులో అయిపోయిందని, ఇంకా ఏవేవో. ఆమె మొహం చూశాక అందులో ఒక్కటీ నోటికి రాలేదు.

"తెలుసు" అన్నాడు.

ఆమె తలూపింది. పరవాలేదని అనలేదు. డ్రోన్ రెక్కలు మడిచి పెట్టెలో సర్దింది, పెట్టె మూసింది.

"అదీ రాయండి" అని చెప్పి, పెట్టె తీసుకుని లోపలికి వెళ్లింది.

మాస్టారు కూర్చుని కాగితాన్ని మంచి కంటికి దగ్గరగా పెట్టుకుని రాయడం మొదలెట్టాడు. కారణానికిచ్చిన రెండు గీతలూ ఇట్టే నిండిపోయాయి. లేచి ఫైళ్ల బల్ల దాకా వెళ్లి, ఇంకో కాగితం ఇమ్మని మేనకోడల్ని అడిగాడు.