పొలంలో చెల్లి మొదటి భోజనం

నవంబరు నెల, శనివారం. ఉన్నవారు: మా చెల్లి, మా ఆవిడ, నేను. అక్కడివారిలో పొలం బాధ్యత చూసే దీదీ, భోజనాల బల్ల చుట్టూ కూర్చున్న పదిమంది.

ఏ రోజు గురించి రాసినా ఇలాగే మొదలుపెడతాను. ముందు రోజు, తర్వాత మనుషులు, ఆ తర్వాతే సంగతి. ఉద్యోగంలో చేరకముందు నుంచీ డైరీ రాస్తున్నాను, రిటైరయ్యాక కూడా మానలేదు. కానీ ఈ శనివారం అర్థం కావాలంటే, నాకింకా డైరీ లేని రోజుల నాటి ఒక సంగతి ముందు చెప్పాలి.

నా చిన్నప్పుడు మేము ఢిల్లీలో గవర్నమెంటు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. చెల్లి నాకన్నా ఐదేళ్ళు చిన్నది. దానికి మాటలు ఆలస్యంగా వచ్చాయి, చదువు అసలు రాలేదు. ఒళ్ళు పెరిగినట్టు బుద్ధి పెరగదని డాక్టర్లు చెప్పారు. మా అమ్మ పెద్ద గిన్నెలో అన్నం కలిపి మా ఇద్దరి చేతుల్లో ఒక్కొక్క ముద్ద పెట్టేది. కొంచెం పెద్దయ్యాక నేను కంచంలో తినడానికి అలవాటు పడ్డాను. చెల్లి మాత్రం అరచెయ్యి చాచి ముద్ద కోసం చూస్తూ కూర్చునేది.

ఒకసారి అమ్మకి ఆపరేషన్ అయింది. నాన్నగారు ఆసుపత్రిలోనే ఉండిపోయారు. ధౌలా కువాన్‌లో కాలేజీకి వెళ్ళే పక్కింటి అక్క ఆ రోజు క్లాసులు మానేసి మాకు తోడుగా ఉంది. మధ్యాహ్నం ఆమె పప్పన్నం కలిపి పెడితే చెల్లి విసిరికొట్టింది. నేను పెట్టినా అంతే. అది అమ్మ చెయ్యి కాదు మరి. సాయంత్రానికి దాని పెదవులు ఎండిపోయాయి, చెయ్యి మాత్రం చాచే ఉంది. అమ్మ తిరిగి రాదేమో, ఇది ఇలా కూర్చునే చచ్చిపోతుందేమో అని నాకు భయం వేసింది.

అక్క ఇంక బతిమాలలేదు. గిన్నె మధ్యలో పెట్టి, చెల్లికి ఎదురుగా కూర్చుని, తన అరచెయ్యి కూడా చాచింది. "నాకూ ఆకలేస్తోందే. మరి నాకెవరు పెడతారు?" అంది. చెల్లి చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత గిన్నెలో చెయ్యి పెట్టి, సగం వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంటే మిగిలిన సగం అక్క చేతిలో పెట్టింది. అక్క అది తిని మళ్ళీ చెయ్యి చాచింది. రెండు ముద్దలు అక్కకి వెళ్ళాక మూడోది చెల్లి తన నోట్లో పెట్టుకుంది. అలా గిన్నె ఖాళీ అయింది. పెద్దవాళ్ళకి ఎన్ని కిటుకులు తెలుసో అనుకున్నాను. ఆ కిటుకు మనసులో దాచుకున్నాను.

అమ్మ ఇంటికొచ్చింది, చెల్లి పాత అలవాటూ తిరిగొచ్చింది. అమ్మ పోయాక ఆ గిన్నె మా ఆవిడ చేతికి వచ్చింది. చెల్లికి ఇప్పుడు అరవై దగ్గర పడుతున్నాయి. మాకు పిల్లలు లేరు. నా గుండెకి స్టెంట్ వేశారు. మా ఆవిడ మోకాళ్ళు మెట్లు ఎక్కనివ్వడం లేదు. మా తర్వాత చెల్లి చేతిలో ముద్ద ఎవరు పెడతారన్న ప్రశ్న కొన్నేళ్ళుగా మా ఇద్దరినీ నిద్రపోనివ్వలేదు.

ఫరీదాబాద్ దాటి కొంత దూరం వెళితే ఒక పొలం ఉంది. చెల్లిలాంటి పెద్దవాళ్ళు అక్కడ కలిసి ఉంటారు. కూరగాయలు పండిస్తారు, ఆవులను చూసుకుంటారు, ఎవరికి చేతనైన పని వాళ్ళు చేస్తారు. అందులో ఒక మంచం ఖాళీ అయిందని ఫోన్ వచ్చింది. మొదటి రాత్రి ఇంటివాళ్ళు అతిథి గదిలో ఉండవచ్చు. కొత్తగా వచ్చినవాళ్ళు మాత్రం అందరితో కూర్చుని తినాలి, అందరితోపాటు పడుకోవాలి. తిండి ముట్టకపోతే తీసుకువెళ్ళి మళ్ళీ ఎప్పుడైనా రమ్మంటారు. ఆ మంచం కోసం ఇంకో కుటుంబం ఎదురుచూస్తోందని కూడా చెప్పారు.

దారి పొడుగునా మా ఆవిడ ఒళ్ళో టిఫిన్ డబ్బా పట్టుకుని కూర్చుంది. అందులో ముద్దపప్పు, నెయ్యి వేసి కలిపిన అన్నం ఉంది. మేము దిగగానే దీదీ దాన్ని చూసింది.

"ఆంటీజీ, ఈ పూటకి అది మీ దగ్గరే ఉండనివ్వండి. ఇక్కడ అందరూ తినేదే తనూ తింటుంది" అంది హిందీలో.

"తినకపోతే?" అంది మా ఆవిడ.

"చూద్దాం."

ఆ 'చూద్దాం' నాకు నచ్చలేదు. నాకు షుగర్ కాబట్టి వేళకి తిండి పడాలని దీదీ మా గదికి ముందే పరాఠాలు పంపింది. నేను తింటుంటే చెల్లి మంచం చివర కూర్చుని చూసింది. పెడతానంటే తల అడ్డంగా ఊపింది.

చీకటి పడుతుండగా భోజనాల గంట కొట్టారు. రొట్టెలు, పప్పు, గోబీ కూర. ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకుంటున్నారు. చెల్లి కంచంలో దీదీ రొట్టె వేసింది. చెల్లి దాని వంక చూడలేదు. కంచం పక్కన అరచెయ్యి చాచి కూర్చుంది. ఎదురుగా ఉన్న ఒకావిడ పెద్దగా నవ్వి, "ఇదేంటి, బిచ్చం అడుగుతోందా?" అంది. పక్కన ఇద్దరు కూడా నవ్వారు. "కాదు, వాళ్ళింటి అలవాటు. నువ్వు టీ సాసర్‌లో పోసుకుని తాగవూ, అలాగే" అంది దీదీ. ఆవిడ ఒప్పుకుంది. మా ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది.

నాకు అక్క కిటుకు గుర్తొచ్చింది. వెళ్ళి చెల్లి పక్కన కూర్చుని అరచెయ్యి చాచాను.

"అమ్మలూ, నాకు ఆకలేస్తోందే. నాకెవరు పెడతారు?"

చెల్లి నన్ను తేరిపార చూసింది. "నువ్వు తిన్నావుగా అన్నయ్యా. గదిలో. పరాఠా."

"మళ్ళీ వేసింది."

"అబద్ధం. నీకు షుగర్."

బల్ల చుట్టూ తెలుగు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు, అయినా అందరికీ అర్థమైపోయింది. ఇందాక నవ్వినావిడ ఇప్పుడు నన్ను చూసి నవ్వింది. చెల్లి నీళ్ళు తాగి, తనకి చూపించిన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

గదిలోకి వచ్చాక మా ఆవిడ, "పొద్దున్నే తీసుకుపోదామండీ. తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం" అంది.

"తర్వాత చూసుకోవడానికి మనం ఉండద్దూ?" అన్నాను.

ఆవిడ లైటార్పి పడుకుంది. నాకు మాత్రం చిన్ననాటి ఆ సాయంత్రం మళ్ళీ కళ్ళకు కట్టింది. అక్క ఇంటినుంచి ఆమె కోసం వచ్చిన ఇడ్లీలు నేనే తినేశాను. ఆమె పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. నేనిన్నాళ్ళూ కిటుకు అనుకున్నది కిటుకు కాదు. ఆమెకి నిజంగానే ఆకలేసింది, ఆ మాటే చెల్లితో చెప్పింది. చెల్లి ఆమె ముఖంలోకి అంతసేపు చూసింది అది కనుక్కోవడానికేనేమో. ఈ సంగతి తెలిసినా చెయ్యగలిగింది ఏమీ కనిపించలేదు. రేపు పొద్దున్న కూడా తినకపోతే ఆ మంచం పోతుంది.

మర్నాడు ఆదివారం. టిఫిన్ల వేళకి మేము భోజనాల గది గుమ్మం దగ్గరే ఆగిపోయాం. లోపలికి రావద్దని దీదీ చేత్తో సైగ చేసింది. చెల్లి కంచంలో పరాఠా చల్లారిపోతోంది. చెయ్యి చాచే ఉంది. చాలామంది తిని లేచిపోయారు.

ఆవుల పని చూసే ఆయన అప్పుడు వచ్చాడు. లావుపాటి మనిషి, నలభై దాటి ఉంటాడు. తెల్లవారుజామున ఒక ఆవు ఈనిందట, అప్పటినుంచీ అక్కడే ఉన్నాడు. చెప్పులకి పేడ, జుట్టులో గడ్డి. చెల్లి పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. బల్ల మీద పరాఠాల పళ్ళెం ఖాళీగా ఉంది. వంటగదిలో ఇంకా కాలుస్తున్నారు.

"చాలా ఆకలేస్తోంది" అన్నాడు హిందీలో, ఎవరితోనూ కాకుండా. అతని చూపు చెల్లి కంచం మీద పడింది.

చెల్లి అతని ముఖంలోకి చూసింది. ఎంతసేపని చెప్పను. తర్వాత చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని పరాఠాను చించింది. సమంగా రాలేదు. పెద్ద ముక్క అతనికిచ్చి, "తిను భయ్యా" అంది. అతను రెండు బుక్కల్లో తినేశాడు. చెల్లి చేతిలో చిన్న ముక్క మిగిలింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నోట్లో పెట్టుకుంది.

మా ఆవిడ గోళ్ళు నా మణికట్టులో దిగాయి.

వంటగది నుంచి వేడి పరాఠాలు వచ్చాక అతను చెల్లి కంచంలో ఒకటి వేశాడు. చెల్లి అందులో సగం తిని, ఆవనూనె ఊరగాయ చేదుగా ఉందని కంచం పక్కకి నెట్టేసింది. అంతే తిన్నది. దీదీ మా దగ్గరికి వచ్చి, "ఈ పూటకి చాలు అంకుల్. రాత్రికి తింటుందో లేదో నేనూ చెప్పలేను. కానీ ఉండనివ్వండి" అంది.

చెల్లి దూడను చూడటానికి అతని వెనకాల వెళుతోంది. మా ఆవిడ నా చెవిలో, "ఇప్పుడు చూడట్లేదు. మెల్లగా వెళ్ళిపోదామా?" అంది. అలా వెళితే ఏడుపులు ఉండవు. కానీ క్రితం రాత్రే అబద్ధం ఆడి దొరికిపోయినవాడిని. ఆకలి గురించే నన్ను నమ్మని మనిషి, చెప్పకుండా వెళ్ళిపోతే ఇంక దేని గురించి నమ్ముతుంది? పక్కింటి అక్క దగ్గర నేర్చుకున్నదేమిటో నాకు ఇన్నేళ్ళకు తెలిసింది. చెల్లికి ఉన్నదున్నట్టు చెప్పాలి.

పిలిచి చెప్పాను. "మేము ఇంటికి వెళుతున్నాం. నువ్వు ఇక్కడే ఉంటావు. వచ్చే ఆదివారం వస్తాం."

చెల్లి ముఖం ముడుచుకుంది. "నేనూ వస్తా."

"లేదమ్మా. నువ్వు ఇక్కడే."

"వదినో?"

"వదిన నాతో వస్తుంది. తనకీ ఏడుపొస్తోంది. నాకూ వస్తోంది."

అది నిజమో కాదో చూడటానికి నా ముఖంలోకి చూసింది. నేను తల తిప్పుకోలేదు. కాసేపటికి ముక్కు పైటచెంగుతో తుడుచుకుని, "దూడ లేస్తోందిట. చూసొస్తా. అప్పటిదాకా వెళ్ళకు" అంది.

మేము బెంచీ మీద కూర్చున్నాం. కారు డ్రైవరు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు.